చదవని పుస్తకాల లెక్క

పుస్తకాలు కొనేవారు వేరు, చదివేవారు వేరు అని ఒక అపవాదు లోకంలో ఎప్పటినుంచో వున్నది. కొని, చదవకుండా పేర్చిపెట్టుకోవడానికి జపాను భాషలో ప్రత్యేకంగా ఒక మాటే వున్నదట, ‘త్సుందొకు’ అని. మాట పుట్టినదంటే జబ్బు అక్కడ కూడా పాతదే కాబోలు. మన తెలుగులో దానికి అటువంటి మాట మాకు తగలలేదు. మా ఇంటావిడ మాత్రం ‘చెత్త’ అనే మాటతో సరిపెట్టుకుంటున్నది.

మేము వృత్తిచేత గుమాస్తాలము. పద్దు రాయనిదే మాకు ఏదీ బోధపడదు. అందుచేత కిందటి దసరా సెలవులలో అటక మీదివి, మంచం కిందివి, ట్రంకుపెట్టెలోవి అన్నీ దింపి, దుమ్ము దులిపి, ఒక పాత లెడ్జరులో ఎక్కించాము. మొత్తం 640 తేలినవి. చదివినవి 230. మిగిలినవి 410. నెలకు రెండు చొప్పున చదివితే, ఇకమీదట ఒక్కటి కూడా కొనకపోతే, పదిహేడేండ్లు పట్టును. మాకు ఇప్పుడు నలభై ఆరు. ఆ కొనకపోవడమనే షరతు దగ్గరనే లెక్క నిలవడం లేదు.

మాకు చదువుకునే కాలమంతా రైలులోనే. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడిన తరువాత మా కె.జి.ఎఫ్. వారికి చాలామందికి బెంగుళూరే దిక్కైనది. 1894లో గనుల కోసం వేసిన లైను మీద ఇప్పుడు కూలికి, కొలువుకు పోయే జనం ప్రయాణం చేస్తున్నారు. మారికుప్పంలో ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకును. ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్, బంగారపేట దాటి మాలూరు వచ్చేవరకు పుస్తకం తెరచి పట్టుకోవచ్చును. వైట్‌ఫీల్డు దగ్గర ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియదు. సాయంత్రం తిరుగు రైలులో కళ్లు మూతలు పడుతవి. అంటే రోజుకు ఇరవై పుటలు. పండుగనాడు కూడా అంతకు మించదు.

కొనడానికి మాత్రం సమయం ఎట్లాగో దొరుకుతుంది. మా తండ్రిగారు మద్రాసు వెళ్లినప్పుడల్లా మూర్ మార్కెట్టుకు పోయి పాత పుస్తకాలు తెచ్చేవారు. అది 1985లో తగలబడిపోయినది. హైదరాబాదులో ఆబిడ్సు వీధుల వెంట ఆదివారాలు పుస్తకాలు పరుస్తారు. మేము ఒక్కసారే చూచినాము, సంచీ చాలలేదు. జీతం అందిన వారంలో అవెన్యూ రోడ్డుకు పోతాము. అక్కడ ఇంజనీరింగు గైడ్ల దొంతర కింద ఎక్కడో ఒక తెలుగు నవల నలిగి వుండును. దాన్ని బయటికి లాగడమే ఒక వేడుక.

కాని మా పుస్తకాలలో సగానికి సగం అవెన్యూ రోడ్డువి కావు, మా ఊరివే. వాటి సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాము.

1880లో జాన్ టైలర్ కంపెనీవారు గనులు మొదలుపెట్టిన తరువాత తమిళులతోపాటు చిత్తూరు, కడప, అనంతపురం వైపునుంచి మనవారు కూడా వచ్చి స్థిరపడినారు. రెండు గదుల లైను ఇండ్లలో కూడా తెలుగు పుస్తకం వుండేది. 1947 జులైలో మొదలైన చందమామను ఏడాదికొక బైండు కట్టించుకున్నవారు వున్నారు. ఎమెస్కోవారి పాకెట్ పుస్తకాలు పోస్టులో తెప్పించుకున్నవారు వున్నారు. అట్టమీద పేరు, కింద తేదీ, కొన్నిటిమీద ‘వివాహ సందర్భమున బహూకరణ’ అని వంకర టింకర అక్షరాలు. వారి పిల్లలు కన్నడం, ఇంగ్లీషు చదివినారు. తెలుగు నోటిలో వున్నది, కంటిలో లేదు. పెద్దవారు పోగానే ఇల్లు తాళం పడుతుంది, పుస్తకాలు రాబర్టుసన్‌పేటలోని పాత పేపర్ల దుకాణానికి పోతవి. అక్కడ కిలో పన్నెండు రూపాయలు. లోపల ఏమున్నదో తక్కెడకు తెలియదు. అక్కడినుంచి లారీ ఎక్కినవి మళ్లీ పుస్తకాలుగా తిరిగిరావు.

కిందటి ఉగాది దాటిన వారంలో ఊరిగాం వైపు ఒక ఇంటినుంచి కబురు వచ్చినది. పేరు చెప్పడం మర్యాద కాదు. పెద్దాయన గనిలో టైమ్‌కీపరు పని చేసినవారు. కుమారుడు బెంగుళూరునుంచి వచ్చి, “సోమవారం పేపర్లవాడు వస్తాడండీ, మీకు కావలసినవి ఆదివారం సాయంత్రంలోగా తీసుకోండి” అన్నాడు. ఊరికే తీసుకోవడం మాకు ఇష్టం లేదు. దుకాణంవాడిచ్చే ధర మేమే యిస్తామని తూకం వేయించాము. 52 కిలోలు, 624 రూపాయలు. ఆ నెల గ్యాసు బండ వారం ఆలస్యమైనది. ఇంటావిడ ఏమన్నదీ ఇక్కడ రాయము.

ఆ రెండు గోనెసంచులలో ఒక చేతిరాత నోటుపుస్తకం వున్నది. పెద్దాయన తల్లిగారిదట. ముందు పుటలలో కైవారం తాతయ్యగారి తత్వాలు. 2007లో జిల్లా చీలేవరకు కైవారం మన కోలారు జిల్లాలోనే వుండెను గదా! తాతయ్యగారు తెలుగులోను, కన్నడంలోను పాడినవారు. ఆమె తెలుగువే ఎత్తిరాసుకున్నారు. వెనుకవైపునుంచి తిప్పితే మాగాయకు ఉప్పు కొలత, పాలవాడి బాకీ, ఎవరిదో పురిటి తేదీ. ఇది మాకు చెందవలసినది కాదని వెంటనే ఆ కుమారునికి ఫోను చేసినాము. అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “మాకు తెలుగు చదవడం రాదండీ, మా అవ్వ రాసినదని కూడా మేము గుర్తుపట్టలేము. మీ దగ్గరనే వుంచండి” అన్నాడు.

అది కూడా ఆ 410లో ఒకటి. రెండు పుటలకు మించి మేము ఇంకా చదవలేదు.

బ్రౌను దొర 1820లో కడప చేరినవాడు. తన సొమ్ముతో తాళపత్రాలు కొని, పండితులను జీతానికి పెట్టుకొని ప్రతులు రాయించినాడు. వాటినన్నిటినీ అక్షరం విడవకుండా ఆయనే చదివినాడా అని నేడు ఎవరూ అడగడం లేదు. అవి నిలిచినవి, అదే చాలును. ఈ వాదం ఒకసారి ఇంటావిడ ముందు పెట్టినాము. “బ్రౌను దొరకు కడపలో బంగళా వుండెనండీ. మనకున్నవి రెండు గదులు” అన్నది. ఈ మాటకు జవాబు ఇంకా ఆలోచిస్తున్నాము.

ఆమె పట్టు కేవలం చోటు గురించి కాదు. వానాకాలంలో చెమ్మ, ఆపైన చెదలు. ఏటా వేపాకు, కలరా ఉండలు పెట్టి, ఎండబెట్టి, తిరిగి సర్దేది ఆమెయే. ‘తెలుగు నిలవాలని మీరంటారు, నిలబెట్టే చాకిరీ నాది’ అంటుంది. ఈ మాటలో నిజం వున్నది. ఇప్పుడు ఎండబెట్టే పని మేమే చేస్తున్నాము, ఆమె కుర్చీ వేసుకొని చూస్తున్నది.

మా ఊరి సైనైడు దిబ్బలు ఎరుగనివారుండరు. రాయి పిండి చేసి బంగారం తీసుకోగా మిగిలిన మట్టిని గుట్టలుగా పోసినారు. గాలి వీస్తే ఆ దుమ్ము ఇంటింటా పడుతుంది. అందులో ఇంకా కొద్దిగా బంగారం మిగిలివున్నదని, 13 దిబ్బలను తిరిగి తవ్వడానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించినది. పనికిరాదని పారబోసిన మట్టి ఇన్నేండ్లు అక్కడే వుండబట్టి గదా ఈ ఆలోచనకైనా వీలైనది! దుకాణంనుంచి లారీ ఎక్కిన కాగితానికి ఆ వీలు లేదు.

ఇక ఎవరు చదువుతారు అనే ప్రశ్న. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి. బడిలో కన్నడం, ఇంగ్లీషు. కన్నడ లిపి వచ్చినవారికి తెలుగు లిపి దగ్గరి చుట్టమే. తలకట్టు వేరు, క, త, శ వంటి కొన్ని అక్షరాలు వేరు, మిగిలినవి చూడగానే పలకరిస్తవి. వేసవి సెలవులలో పాత చందమామ బైండు ఒకటి దాని ముందు పెట్టి మేము ఏమీ చెప్పలేదు. మొదట బొమ్మలు చూచినది. నాలుగవ రోజున “నాయనా, ఇది ‘శ’నా, ‘ళ’నా?” అని అడిగినది. ఇప్పుడు కూడబలుక్కొని చదువుతున్నది. నోటుపుస్తకం ఇవ్వలేదు, ఆ చేతిరాత మాకే కష్టంగా వున్నది. అది మాత్రం అడుగుతూనే వున్నది, ఆ పాలవాడి బాకీ తీరినదా లేదా అని. అది తెలియాలంటే పుస్తకమంతా చదవాలి.

వచ్చే ఆదివారం కోరమాండల్ వైపు మరొక ఇల్లు ఖాళీ అవుతున్నది. అక్కడ పాత వారపత్రికలు వున్నవని కబురు. ఇంటావిడ బియ్యం డబ్బా జరిపి, గోడవార మూడు అడుగుల చోటు చూపించి, “దీనికి మించితే గడప దాటనివ్వను” అన్నది. టేపు పెట్టి కొలిచినాము. ఒక వరుసకు నలభై, మీద అడ్డంగా పేర్చితే మరొక పదిహేను పట్టును.