జాగీర్దార్ల బడి

పిల్లలూ! ఒక ఆదివారం నేనూ మా మనవడూ బాలానగర్ స్టేషనులో మెట్రో రైలు ఎక్కాము. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలును వాడికి చూపించాలని నా కోరిక.

"పబ్లిక్ స్కూలంటే అందరి బడే గదా తాతయ్యా! మరి ఫీజు ఎందుకు?" అని వాడు దారిలోనే అడిగాడు.

మంచి ప్రశ్నే. పూర్వం ఇంగ్లండులో గొప్పవాళ్లు పంతుళ్లను ఇంటికే పిలిపించి పిల్లలకు చదువు చెప్పించేవారు. అలా కాక, ఏ ఊరివాడైనా సరే, ఫీజు కట్టి చేరదగిన బడికి పబ్లిక్ స్కూలని పేరు వచ్చింది. ఈటన్ అటువంటిదే. దానిని చూసే మన బేగంపేట బడినీ కట్టారు.

అయితే మొదట్లో ఇందులో డబ్బున్నా చోటు దొరికేది కాదు! ఏడవ నిజాం కాలంలో, 1923లో, ఇది జాగీర్దార్ల కాలేజీగా పుట్టింది. జాగీర్దార్లంటే నిజాము ఇచ్చిన గ్రామాల శిస్తును అనుభవించే ప్రభువులు. వారి కొడుకుల కోసమే ఈ బడి. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. మరుసటి ఏడే జాగీర్లు రద్దయినవి. జాగీర్లే పోయిన తరవాత జాగీర్దార్ల బడి ఎందుకు? మూసివేయవలసిందే గదా! కాని మూయలేదు, తలుపులు తెరిచారు. 1951లో పేరు మార్చి, ఇతరుల పిల్లలను చేర్చుకొన్నారు.

ఆ తలుపులోనుంచి ఎవరెవరు వచ్చారో చూడండి. సైనికాధికారి కొడుకు అజయ్ బంగా 2023లో ప్రపంచ బ్యాంకుకు అధ్యక్షుడైనాడు. శంతను నారాయణ్ 2007లో అడోబీ కంపెనీకి అధిపతి అయినాడు. క్రికెట్ వ్యాఖ్యాత హర్షా భోగ్లే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులుగా పనిచేసిన కిరణ్ కుమార్ రెడ్డి, జగన్ మోహన్ రెడ్డి కూడా ఇక్కడి విద్యార్థులే.

2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఆయనకు బడిలో చదువుకన్న క్రికెట్ మీదనే ఎక్కువ మక్కువ. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్ష కూడా తప్పాడు. ఒక ఆటలో ఆయన బంతులు బొత్తిగా బాగా పడలేదు. కెప్టెన్ బంతి తీసుకొని తానే వేసి, ఒక వికెట్టు పడగొట్టాడు. ఇక బంతి తన దగ్గరే వుంచుకోవచ్చు గదా? తిరిగి సత్యకే ఇచ్చాడు! తన ధైర్యం చెడకూడదనే అలా చేసి వుంటాడని నాదెళ్ల పెద్దయిన తరవాత పుస్తకంలో రాసుకొన్నాడు. నన్నడిగితే, ఈ కంపెనీల పేర్లన్నిటికన్న, ఆ బంతి తిరిగి ఇచ్చిన కుర్రవాడే ఆ బడికి ఎక్కువ గొప్ప తెచ్చాడు.

గేటు బయట నిలబడి చూశాము. వంద ఎకరాలకు పైబడిన ఆవరణ, పాతకాలపు భవనం, చెట్లు.

"మా వీధిలో లేతు మిషను పనివాళ్ల పిల్లలు ఇందులో చేరవచ్చునా?" అన్నాడు మనవడు.

ఫీజు వాళ్లకు అందేది కాదు. కాని గిరిజనుల పిల్లలను కొందరిని ప్రభుత్వమే చీట్లు తీసి ఎంపిక చేసి, తన ఖర్చుతో ఇక్కడ ఒకటవ తరగతిలో చేర్పిస్తూ వచ్చింది. ఆ మాటే వాడికి చెప్పాను.

తిరుగు రైలులో వాడు చాలాసేపు ఆలోచించి, "చీటీ రాని పిల్లలో?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కొంటూ వుండగా అమీర్‌పేట వచ్చింది. బాలానగరుకు అక్కడ రైలు మారాలి.