గేటు దగ్గర పిన్ని

మన సంఘం ఉగాది భోజనాలకు వెనక కాగితం టోకెన్లు ఉండేవి, జ్ఞాపకం ఉందా? కార్యదర్శిగారు డైరీలో గీతలు గీసుకుని, ఒకటి నుంచి వరసగా నంబర్లు వేసి, పక్కన సంతకం పెట్టి ఇంటింటికీ పంపేవారు. 57 ఎవరిదో, 58 ఎవరిదో ఆయనకి నోటికి వచ్చు. తర్వాత ఆ పని నా మెడకు చుట్టుకుంది. "నువ్వు మొబైలు యాప్‌లు రాస్తావు కదా నాయనా, మనకీ ఒకటి రాసిపెట్టు" అన్నారు. రాశాను. 2023 ఉగాదికి బరంపురంలో మొదటిసారి టోకెను బదులు ఫోనులో కోడు.

వరస నంబర్లు ఎందుకు మానేశానో చెప్పాలి. నా చేతిలో 57 ఉంటే 58 కూడా ఎక్కడో ఉందని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. గేటు దగ్గర "మాది 58" అంటే చాలు. (మనవాళ్ళు అలా చేస్తారని కాదు. ఒకటి రెండుసార్లు జరిగిందని మాత్రం విన్నాను.) అందుకని ఎవరూ ఊహించలేని కోడు కావాలి. దీన్నే మా వృత్తిలో ర్యాండమ్ అంటాం. బ్యాంకువాళ్ళు పంపే ఓటీపీ ఈ జాతిదే. నేను రాసింది నాలుగైదు లైన్లు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె తియ్యి, పక్కన పెట్టు, మళ్ళీ తియ్యి, అలా నాలుగుసార్లు. ఎవరి ఫోను వాళ్ళకి కోడు తయారుచేసి ఇచ్చేస్తుంది. ఇంట్లో పదిమంది ఫోన్లలో పెట్టి చూశాను. పదికి పదీ వేరుగా వచ్చాయి. ఇంకేం కావాలి?

ఆ ఆదివారం మధ్యాహ్నం కల్యాణమండపం వేదిక మీద నాకు శాలువా కప్పుతున్నారు. సరిగ్గా ఆ సమయానికే మా పిన్ని గంజాం నుంచి బస్సులో ఋషికుల్య వంతెన దాటి, ఛత్రపురం మీదుగా వచ్చి, గేటు దగ్గర దిగింది. ఒక్కర్తే. బాబాయి పోయాక నలుగురిలోకి రావడం అదే మొదలు. ఫోను చూపించింది. కుర్రాడు కోడు కొట్టాడు. ఎర్రగా వెలిగింది.

"ఈ కోడు మీద నలుగురు అప్పుడే భోజనానికి వెళ్ళిపోయారండీ మామ్మగారూ" అన్నాడట.

వాడి తప్పేమీ లేదు. యాప్ ఏం చూపిస్తే అదే చెప్పాడు. పిన్ని మారు మాట్లాడలేదు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కాసేపు కూర్చుని, వెనక వాళ్ళకి అడ్డం అనుకుని లేచి, వచ్చిన దారినే బస్సెక్కి వెళ్ళిపోయింది. నా పేరు చెప్పుకుని లోపలికి రావచ్చు. చెప్పలేదు. సంగతి రాత్రి తొమ్మిదింటికి మా అమ్మ ద్వారా తెలిసింది. శాలువా ఇంకా సంచిలోనే ఉంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ముందే వెయ్యవలసిన లెక్క. నాలుగంకెల కోడ్లు మొత్తం 10,000. వచ్చిన కుటుంబాలు 180. పదివేలలో నూట ఎనభై ఎంత, ఎక్కడ కలుస్తాయిలే అనుకున్నాను. కానీ చూడవలసింది కుటుంబాలను కాదు, జతలను. 180 మందిలో ఇద్దరిద్దరి చొప్పున 16,110 జతలు. అందులో ఎక్కడో ఒక జత కోడు కలిసే అవకాశం నూటికి 80 పాళ్ళు! గదిలో 23 మంది ఉంటే ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటయ్యే అవకాశం సగానికి పైనే ఉంటుందని చెప్పే లెక్క కూడా ఇదే. ఇంట్లో పదిమందికైతే 45 జతలే. కలిసే అవకాశం రెండువందల్లో ఒకటి కూడా లేదు. ఆ పరీక్షకి నన్ను పట్టుకునే శక్తే లేదు.

మా ఆవిడకి తంబోలాతో చెబితే ఒక్క క్షణంలో అర్థమైంది. తంబోలాలో సంచిలోంచి తీసిన నంబరు మళ్ళీ సంచిలో వెయ్యరు. అందుకే 90 నంబర్లూ ఒక్కొక్కసారే వస్తాయి. నేను రాసిన ప్రోగ్రాములో తీసిన చీటీ మళ్ళీ సంచిలో పడిపోతోంది. పైగా ప్రతి ఫోనుకీ వేరే సంచి. "మరి ఎవరైనా ఒక పుస్తకంలో రాసుకోవద్దూ?" అంది. కార్యదర్శిగారి డైరీ అదే కదా!

కొత్త కోడు మొదలుపెట్టాను. ఈసారి ఆరు స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు 26, అంకెలు 10. అందులో 'ఓ' అక్షరమూ సున్నా ఒకలాగే కనిపిస్తాయి, 'ఐ' అక్షరమూ ఒకటీ అంతే. ఆ నాలుగూ తీసేస్తే 32 మిగిలాయి. వాటితో ఆరు స్థానాల కోడ్లు 107 కోట్ల పైచిలుకు. అయినా సరే, తయారైన ప్రతి కోడూ సర్వరులో ముందే ఉందేమో చూసి, ఉంటే పారేసి ఇంకొకటి తియ్యమని రాశాను. జావాలో మామూలు ర్యాండమ్ కూడా మానేశాను. అది విత్తనం లాంటి ఒక సంఖ్యతో మొదలై లెక్క ప్రకారం నడుస్తుంది. అదే విత్తనమైతే అదే పంట. రహస్యాలకు వాడేది సెక్యూర్‌ర్యాండమ్. దానికీ గ్రహచారం తప్పలేదు. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్‌లో దాని లోపం బయటపడి, కొందరి బిట్‌కాయిన్లు దొంగల పాలయ్యాయి.

మధ్యలో ఒక సరదా పుట్టింది. మన సంఘానికి కోడు తెలుగు అక్షరాల్లో ఎందుకుండకూడదు? యూనికోడ్ పట్టికలో తెలుగుకి 128 గళ్ళున్నాయి. అందులోంచి ర్యాండమ్‌గా తీస్తే ఆరంభంలోనే గుడి వచ్చి, అక్షరం లేక చుక్కల వలయం మీద వేలాడింది. కొన్ని గళ్ళు ఖాళీ. సరే, హల్లులు మాత్రమే మూడు మూడు తియ్యమన్నాను. తెలుగు హల్లులో 'అ' దాగి ఉంటుంది కదా, ఏ మూడు కలిపినా ఏదో మాటలా పలుకుతుంది. ఒకరికి 'మడత', ఒకరికి 'పడక'. మా అత్తగారికి 'నరక' వచ్చింది! అక్కడితో ఆ సరదా కట్టిపెట్టాను.

గంజాం వెళ్ళి పిన్నికి క్షమాపణ చెప్పాను. అంతా విని, "అయితే ఆ నలుగురూ దొంగలు కారన్నమాట" అంది.

"కాదు పిన్నీ. వాళ్ళ కోడు వాళ్ళదే, నీది నీదే. తప్పు నాది."

"పోనీలేరా. ఇన్నాళ్ళూ వాళ్ళని తిట్టుకుంటున్నాను" అని, అప్పడాలు వేయించడానికి లేచింది. మళ్ళీ వస్తావా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

2024 ఉగాది భోజనాల రోజు నేను శాలువాల వైపు పోలేదు, గేటు దగ్గరే నిలబడ్డాను. పిన్ని వచ్చింది. ఫోను తియ్యలేదు. చేతిసంచిలోంచి కేలండరు కాగితం ముక్క తీసింది. దాని వెనక కోడు తెలుగులో రాసుకుంది: 'కే ఏడు ఎమ్, పీ నాలుగు టీ'. గేటు దగ్గర కుర్రాడు కాగితం అటూ ఇటూ తిప్పాడు. వాడూ మనవాళ్ళ పిల్లాడే, ఇంట్లో తెలుగే. చదువు మాత్రం ఒడియా, ఇంగ్లీషు.

"నాకు తెలుగు చదవడం రాదండీ మామ్మగారూ" అన్నాడు.

"ఇలా ఇయ్యి నాయనా, నేను చదువుతాను, నువ్వు కొట్టుకో" అంది పిన్ని. ఒక్కొక్క అక్షరమే చదివింది. ఆరోది కొట్టగానే ఆకుపచ్చగా వెలిగింది.