కత్తికి ముఖం వస్తే

జపాన్‌వాళ్లు కత్తుల్నీ ఓడల్నీ మనుషులుగా గీస్తుంటే, ‘వాళ్ల షింతో నమ్మకమే అంత, ప్రతి వస్తువులోనూ దైవముంటుంది’ అని చాలామంది తేల్చేస్తారు. పాతబడ్డ పనిముట్లకు ప్రాణమొచ్చే కథలు మురోమాచి కాలం నుంచీ ఉన్న మాట నిజమే. అయినా ఆ జవాబు నాకు చాలదు. 2015లో వచ్చిన ‘తోకెన్ రాన్బు’ వీడియో గేమ్‌లో యమాన్‌బాగిరి కునిహిరో అనే కత్తికి మనిషి రూపమైన కుర్రాడు మాసిన గుడ్డ నెత్తిమీంచి కప్పుకుని, మొహం దాచుకుంటూ తిరుగుతాడు. అసలు కత్తిని కునిహిరో అనే కమ్మరి 1590లో చేశాడు. పాత కత్తికి అది నకలని పేరు. ఆ మాట పడలేకే కుర్రాడికా ముసుగు. అంటే ఇక్కడ పనిచేసింది నమ్మకం కాదు, చరిత్రను శ్రద్ధగా చదవడం. 2017లో అషికాగా మ్యూజియంలో ఆ కత్తిని పెడితే జనం విరగబడ్డారు. బొమ్మ కోసం వచ్చారులే అంటారు. రానివ్వండి, అద్దం ముందు నిలబడ్డాక చూసేది ఉక్కునే కదా!

యుద్ధనౌకల దగ్గర మాత్రం అభ్యంతరం బరువైనది. 2013 నాటి ‘కాంతాయ్ కలెక్షన్’ ఆటలో యమాతో అనే యుద్ధనౌక ఒక అందమైన అమ్మాయి. 1945 ఏప్రిల్‌లో ఆ ఓడతోపాటు దాదాపు 3,000 మంది నావికులు పోయారు. ఆటలో మునిగిన ఓడ మళ్లీ రాదు కాబట్టి నష్టం తెలుస్తుందని అభిమానులు వాదిస్తారు. కానీ ఆడేవాళ్లు బాధపడేది ఆ అమ్మాయి కోసం. ఆ నావికులకు అక్కడ చోటే లేదు.