నూరోవంతు గూడ్సు బండి

హాబీ అనగానే మనవాళ్లకు తపాలా బిళ్ళలూ, పాత నాణేలూ గుర్తుకొస్తాయి. నా హాబీ పేరు చెబితే మాత్రం హాస్టల్లో ముందు నవ్వుతారు, ఆ తర్వాత "ఏదీ, చూపించు" అంటారు. గూడ్సు వాగన్లు తయారు చేయడం నా హాబీ. అట్టముక్కలతో, బ్లేడుతో, జిగురుతో. బొమ్మలు కావు సుమా! బొమ్మ రైలుకు చక్రాలు తిరిగితే చాలు. నమూనా అలా కాదు. అసలు వాగను మీద ఉన్నదేదైనా నమూనా మీద లేకపోతే, ఎందుకు లేదో చెప్పగలిగి ఉండాలి.

ఈ పిచ్చి అమెరికాలో బాగా ముదిరింది. అక్కడ గూడ్సు బండి చివర "కబూస్" అనే పెట్టె ఉండేది. చాలావాటికి ఎర్ర రంగు, నడినెత్తిన "కుపోలా" అనే కిటికీల గూడు. సిబ్బంది ఆ గూట్లో కూర్చుని ముందున్న వాగన్ల వరసను కనిపెట్టి చూసేవారు. ఎక్కడన్నా ఇరుసు వేడెక్కి పొగ లేస్తోందా, ఏదన్నా ఈడ్చుకుపోతోందా అని. ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ అనే కంపెనీ 1972లోనే కబూసులు మానేసింది. 1980ల్లో మిగతావాళ్లూ మానేయసాగారు. ఇప్పుడు చివరి వాగనుకు ఒక చిన్న పెట్టె తగిలిస్తారు. బ్రేకు గొట్టంలో గాలి పీడనం ఎంతుందో అది రేడియో ద్వారా ఇంజనుకు చెబుతుంది. దానికి భోజనం అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. కబూసులు పట్టాల మీంచి పోయి అభిమానుల అలమారుల్లోకి చేరాయి. ఫలానా కంపెనీ, ఫలానా సంవత్సరం, మెట్లు ఇన్ని, కిటికీ చువ్వలు ఇన్ని అంటూ లెక్క తప్పకుండా చేసుకుంటారు.

వాళ్లలో ఎక్కువమంది వాడే కొలత "హెచ్.ఓ." అంటే అసలులో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. వాళ్ల అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు కనుక లెక్క అతికినట్టు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. ఆ వెడల్పు పట్టాలు నాకు బజార్లో దొరకలేదు. దొరికే పట్టాల మీద 87వ వంతు మన వాగనును పెడితే, లావుపాటి మనిషి పసిపిల్లల చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది.

రెండో సంవత్సరం సెలవుల్లో దీని మీద చాలా బుర్ర పాడుచేసుకున్నాను. చివరికి లెక్కను తిరగేసి చూశాను. పట్టాలను మార్చలేనప్పుడు వాగనునే మార్చవచ్చు గదా! 1676ను 16.5తో భాగిస్తే 101.6. ఇంచుమించు నూరు! అసలులో నూరోవంతు చేస్తే తేడా పావు మిల్లీమీటరే. పైగా గుణకారాలే ఉండవు. మీటరుకు సెంటీమీటరు. బొగ్గు మోసే బాక్స్-ఎన్ వాగను కప్లింగుతో సహా 10.713 మీటర్లు, అంటే నా బల్ల మీద 10.7 సెంటీమీటర్లు. మీటరు వ్యాసం గల చక్రానికి చొక్కా కాలరు గుండీ చక్కగా సరిపోతుంది. చక్రానికి పట్టా జారకుండా ఉండే అంచు 28.5 మిల్లీమీటర్లు కనుక, గుండీ వెనక రవ్వంత పెద్దదిగా విజిటింగు కార్డు బిళ్ళ అంటిస్తే అదీ కుదిరింది. మా గదిలో ఎవరి చొక్కాకైనా కాలరు గుండీ కనిపించకపోతే వాళ్లు నా వైపే చూస్తారు. (అన్నీ నేను తీసినవి కావు.)

బరువు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నూరోవంతు అయితే ఘనపరిమాణం పదిలక్షల వంతు. ఖాళీ వాగను బరువు 22.47 టన్నులు. అంటే నా వాగను 22.47 గ్రాములు తూగాలి. కెమిస్ట్రీ ల్యాబులో తూచితే పద్నాలుగే వచ్చింది. "ఉప్పు తూచమంటే రైలు తూస్తున్నావేం బాబూ!" అన్నారు అటెండరు గారు. వలలకు కట్టే సీసపు గుండ్లు అడుగున అంటించి బరువు సరిచేశాను. తేలికగా ఉన్నప్పుడు మలుపులో పడిపోయే వాగను అప్పట్నుంచీ నిలబడి తిరిగింది.

నంబరు గురించి కూడా ఒక్క మాట. మీ పక్కనుంచి గూడ్సు వెళ్తున్నప్పుడు వాగను మీది పదకొండు అంకెలు చూడండి. మొదటి రెండూ వాగను రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ తయారైన సంవత్సరం, నాలుగు వరస సంఖ్య. పదకొండోది కాపలా అంకె. 2, 4, 6, 8, 10 స్థానాల్లోని అంకెలు కూడి మూడుతో హెచ్చవేసి, 1, 3, 5, 7, 9 స్థానాల మొత్తం కలపాలి. ఆ వచ్చినదానికి ఎంత చేరిస్తే పది గుణిజం అవుతుందో అదే పదకొండో అంకె. ఎవరైనా ఒక అంకె తప్పు రాసుకుంటే ఇక్కడ దొరికిపోతారు. గేటు దగ్గర ఆగినప్పుడు లెక్క చేసి చూస్తే పొద్దుపోతుంది.

ఇంతవరకూ మా నాన్నకు ఇది నచ్చలేదు. "చదువుకోమని పంపిస్తే అట్టలు కత్తిరిస్తున్నావా?" అనేవారు. మూడెకరాల వరి మీద నన్ను చదివిస్తున్న మనిషి ఆ మాట అనడంలో తప్పేముంది? అయితే, నాలుగు చక్రాల పాత కప్పు వాగను చేయబోతున్నానని తెలిసినప్పుడు మాత్రం ఆయన ఏమీ అనకుండా పెట్టెలోంచి ఒక ఫోటో తీసి ఇచ్చారు.

మాది విజయవాడ – మద్రాసు మెయిన్ లైను పక్క ఊరు. పొలం పని లేని రోజుల్లో మా తాతయ్య మిల్లు నుంచి స్టేషనుకు బియ్యం బస్తాలు ఎడ్లబండి మీద తోలేవాడు. 1985 ప్రాంతంలో ఎవరో తీసిన ఫోటో అది. ఖాళీ వాగను పక్కన నేల మీద బస్తాల వరస, వాగను బఫరు మీద చెయ్యి వేసి తాతయ్య. ఆయనకున్న ఫోటో అదొక్కటే. నేను పుట్టకముందే పోయాడు. ఆయన ఆరడుగుల మనిషని, ఒంటి చేత్తో బస్తా లేపేవాడని ఇంట్లో చెబుతారు.

ఆ వాగను డ్రాయింగు నా దగ్గర లేదు. కాని ఫోటోలో తెలిసిన కొలత ఒక్కటి ఉంటే మిగతావన్నీ రాబట్టవచ్చు. బ్రాడ్‌గేజిలో బఫరు మధ్యబిందువు పట్టా మీద నుంచి 1105 మిల్లీమీటర్లకు మించకూడదు. బరువెక్కితే 1030 దాకా దిగవచ్చు. వాగను ఖాళీగా ఉంది కనుక పెద్ద అంకే తీసుకున్నాను. ఫోటోలో ఆ ఎత్తు సరిగ్గా 22 మిల్లీమీటర్లు. దాన్నిబట్టి తలుపు ఎత్తు, కప్పు వంపు, మూలల ఇనుప పట్టీలు అన్నీ వచ్చాయి. ఆ ఊపులో తాతయ్యనూ కొలిచాను. 33 మిల్లీమీటర్లు. బఫరు మీద చెయ్యి ఉంది గదా, కెమెరాకు ఇద్దరూ ఒకే దూరంలో ఉన్నట్టే. లెక్క వేస్తే 166 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల ఐదంగుళాలు. చిన్న అంకె తీసుకుంటే ఇంకా తగ్గుతాడు.

రెండుసార్లు మళ్లీ కొలిచాను. అదే వచ్చింది. వాగను పక్కన నిలబెట్టే మనిషిని ఆరడుగుల లెక్కన చేస్తే 18.3 మిల్లీమీటర్లు, ఫోటో లెక్కన అయితే 16.6. ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు. ఎవరూ కనిపెట్టలేరు. కాని తలుపును ఆ లెక్కతో చేసి, మనిషిని ఇంకో లెక్కతో చేయడానికి నాకు చెయ్యి రాలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్నతో చెప్పేశాను.

ఆయన ఫోటో తీసుకుని చాలాసేపు చూశారు. "తలపాగా కలిపావా?" అన్నారు.

"తలపాగాతో కలిపే, నాన్నా."

మళ్లీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు నాకు పదేళ్లురా. బండి మీద బస్తాల మధ్య నన్ను కూర్చోబెట్టేవాడు," అన్నారు. అట్టతో చేసిన మనిషిని వేలి మీద నిలబెట్టుకుని, "ఈ మోచెయ్యి ఇంకొంచెం బయటికి ఉండాలి," అని చూపించారు. సరిచేశాను. వాగను తలుపు ఎటు జరిగేదో, గొళ్లెం ఎలా పడేదో, లక్క ముద్ర ఎక్కడ వేసేవారో ఆయనే చెప్పారు. ఫోటోలో అవేవీ కనపడవు.

ఇప్పుడు మిగిలింది ఆ బండి చివరి గార్డు వాను. దాని వెనక "ఎల్.వి." బోర్డు లేకపోతే స్టేషను వాళ్లకు బండి మొత్తం వచ్చిందో, సగం వెనక ఉండిపోయిందో తెలియదు. అంచేత అది లేకుండా నా బండి బండి కాదు. 2022 జనవరి నుంచి గార్డును ట్రైన్ మేనేజరు అంటున్నారు. మన దగ్గరా కొన్ని గూడ్సు బండ్ల చివర అమెరికాలోలాగ పెట్టె తగిలించి పంపుతున్నారు. బయటి వరండాలు నేను చేసేశాను. లోపలి సంగతులే కావాలి. చేతి బ్రేకు చక్రం ఎటువైపు ఉండేది, కూర్చునే బల్ల ఎంత ఎత్తు, లాంతరు ఎక్కడ తగిలించేవారు. ఇది చదివేవాళ్లలో ఎవరి నాన్నగారైనా, తాతగారైనా ఆ రోజుల్లో గూడ్సు గార్డుగా చేసి ఉంటే, దయచేసి అడిగి చెప్పండి. పరీక్షలయ్యేదాకా హాస్టల్లోనే ఉంటాను.