కలకత్తాలో సమాధుల మధ్య ఒక రోజు

చదువు పనిమీద కలకత్తా వెళ్లిన మేము నలుగురు విద్యార్థులం, మిగిలిన ఒక్క రోజును ఆ నగరంలో నిద్రిస్తున్న గొప్పవారి సమాధులు చూడటానికి కేటాయించుకున్నాం.

ఉదయాన్నే హౌరా వంతెన మీద నడిచాం. 1943లో ప్రారంభమైన ఈ వంతెనకు నది మధ్యలో ఒక్క స్తంభమైనా లేదు. నట్లు, బోల్టులు లేకుండా రివెట్లతోనే ఇంత ఉక్కునూ కలిపారు. పూల గంపలు, కూరగాయల మూటలు తలకెత్తుకున్న కూలీల నడుమ ఆగి చూడటానికి కూడా చోటు దొరకలేదు.

అక్కడినుండి పార్కు స్ట్రీటు సమాధుల తోటకు వెళ్లాం. 1767లో తెరిచిన ఈ తోటలో గోపురాలవంటి కట్టడాలు చెట్ల నీడలో నాచు పట్టి ఉన్నాయి. అన్నిటికంటే ఎత్తుగా కనిపించేది సర్ విలియం జోన్స్ సమాధి. 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో బంధుత్వం ఉందని చాటిన పండితుడాయన. 47 ఏళ్లకే మరణించాడు. కవి, ఉపాధ్యాయుడు డెరోజియో సమాధి కూడా ఇక్కడే ఉంది. 1831లో కలరా సోకి చనిపోయేనాటికి అతనికి 22 ఏళ్లు. ఇంచుమించు మా వయస్సే! అది చదివాక మాలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

తరువాత మదర్ థెరిసా నివసించిన మదర్ హౌస్‌కు నడిచాం. 1997లో కన్నుమూసిన ఆమె సమాధి ఆ ఇంటి కింది అంతస్తులోనే ఉంది. ఆడంబరమేమీ లేని తెల్లని సమాధి, దానిమీద బంతిపూలు.

మధ్యాహ్నం హౌరాలో లోకల్ రైలెక్కి సెరంపూర్‌లో దిగాం. ఆనాడు అది డెన్మార్క్ వారి పట్టణం. తమ సీమలో మిషనరీలు పనిచేయడం ఈస్టిండియా కంపెనీకి ఇష్టం లేనందున, 1800లో విలియం కేరీ ఇక్కడ స్థిరపడ్డాడు. చెప్పులు కుట్టిన ఈ మనిషి 1793లో మన దేశం వచ్చి, మళ్లీ స్వదేశం చూడకుండానే 1834లో ప్రభువునందు నిద్రించాడు. సహచరులు మార్ష్‌మన్, వార్డ్ కూడా అదే మిషను సమాధుల తోటలో ఉన్నారు. నదీతీరాన, వారు ముగ్గురూ 1818లో స్థాపించిన కళాశాల ఇప్పటికీ నడుస్తోంది.

తెలుగువారమైన మనకు కేరీతో ఒక బంధముంది. 1812 మార్చి 11న సెరంపూర్ ముద్రణాలయం తగలబడింది. ఆయన రాసిన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా ఆ మంటల్లో బూడిదైంది. ఆయన మళ్లీ మొదటినుండి రాశాడు. 1814లో ఆ వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన ఆ ముద్రణాలయం నుండే వెలువడ్డాయి.

అయితే ఆ సాయంత్రం మమ్మల్ని ఎక్కువగా కదిలించింది మరొకరి కథ. కేరీ భార్య డొరోతి ఈ ప్రయాణానికి మొదట ఒప్పుకోలేదు. చివరకు చంటిబిడ్డతో ఓడ ఎక్కింది. 1794లో అయిదేళ్ల కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ తరువాత ఆమె మనస్సు చెదిరిపోయింది. ఏళ్ల తరబడి గదిలోనే గడిపి, 1807లో ఇక్కడే కన్నుమూసింది. భర్త పక్క గదిలో అనువాదం చేస్తుండగా ఆమె బాధపడుతూ ఉండేది. ఆ పుస్తకాల వెల కేరీ ఒక్కడే చెల్లించలేదు.

ప్రియమైన పాఠకులారా, దైవసేవకుల చరిత్రలు చెప్పుకునేటప్పుడు వారి ఇంటివారిని మరచిపోతుంటాం. మన పల్లెల్లోనూ మనస్సు చెదిరిన తల్లులున్నారు. దయ్యం పట్టిందని వారిని వెలివేయకుండా, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి, ప్రార్థనతోపాటు ఓర్పుతో చూసుకోవాలి. డొరోతి కాలంలో ఆ జబ్బుకు మందు లేదు. నేడు ఉంది.