గేల్ పట్టణపు అతిథులు

బెల్జియము దేశమున, ఆంట్వెర్పు నగరమునకు తూర్పున, ఇసుక నేలల సీమలో గేల్ అను పట్టణము కలదు. రైలు దిగి చూచువారికి అందు వింత యేమియు గానరాదు. అంగడివీధి, గుడిగోపురము, సైకిళ్లపై పోవు స్త్రీలు, కాఫీ అంగళ్ల ముందు కూర్చున్న వృద్ధులు, అంతియే. కాని ఈ యూరి గృహిణులు ఏడువందల యేండ్లుగా మనోవ్యాధి గలవారిని, బుద్ధివికాసము కొఱవడినవారిని తమ యిండ్ల నుంచుకొని, తమ పంక్తినే భోజనము పెట్టుచున్నారు.

ఈ యాచారమునకు మూలము డింఫ్నా అను రాకుమారి కథ. ఐర్లండు రాజొకడు భార్యావియోగముచే మతి చలించి, తల్లిపోలికగల కూతునే పెండ్లాడ నెంచెననియు, ఆమె సముద్రము దాటి యిచ్చటికి పాఱివచ్చెననియు, తండ్రి వెంబడించి ఆమె తల నఱకెననియు చెప్పుదురు. ఇది ఐతిహ్యము. ఆమె సన్నిధిని పిచ్చి కుదురునను నమ్మకముతో యాత్రికులు రాసాగిరి. గుడిని చేర్చి రోగులకొక గది కట్టిరి. అందు తొమ్మిదిదినముల మ్రొక్కు జరిగెడిది. గది నిండినప్పుడు ఊరివారు యాత్రికులను తమ యిండ్లకు గొనిపోయిరి. కుదురనివారు పలువు రచ్చటనే నిలిచిపోయిరి. 19వ శతాబ్ది నడుమ ప్రభుత్వము ఈ యేర్పాటును చేపట్టి వైద్యులను నియమించెను. 1938 ప్రాంతమున ఇట్టి యతిథులు సుమారు 3,700 మంది యుండిరి. సేద్యము తగ్గి, స్త్రీలు ఉద్యోగములకు పోవుటచే నేడా సంఖ్య మిక్కిలి తగ్గినది. ఐనను ఆచారము నిలిచియే యున్నది. 2023లో యునెస్కో సంస్థ దానిని ఆదర్శప్రాయమైన సంరక్షణ విధానముగా గుర్తించినది.

నేను ఈ యూరు చూడగోరుటకు కారణము మా పినతల్లి కూతురు. ఆమె కుమారునకు ఆటిజము. ఇది పిచ్చి గాదు. పుట్టుకతోడనే మనస్సు వేరొక తీరున పెరుగుట. వానికి ఇరువదినాలు గేండ్లు. వైద్యుని పేరెత్తిన తలుపు గడియ వేసికొనును. తల్లి తీసియిచ్చిన చొక్కా తొడుగడు. తండ్రి వెదకి తెచ్చిన కొలువు మూడవనాడు మానివేసెను. “దగ్గఱకు పోయినకొలది దూరమగుచున్నాడు, అక్కా! ఊరకుండుద మన్న, మా తరువాత వీని గతి యేమి?” అని ఆమె యడుగును.

గేల్‌లో అతిథికి గల వ్యాధిపేరు ఇంటివారికి చెప్పకుండుట చిరకాలపు మర్యాద. వీరు మనిషిని మనిషిగా నెఱుగుదురు. ఎలెన్ బాక్స్టర్ అను అమెరికా స్త్రీ యిచ్చట కొన్నాళ్లుండి ఒక ముచ్చట చెప్పినది. ఒక అతిథి ప్రతిదినము తన చొక్కా గుండీలన్నియు మెలిపెట్టి ఊడదీయును. ఇంటియామె ప్రతిరాత్రియు వానిని కుట్టును. తెగని గాలపు త్రాటితో కుట్టరాదా యని అడుగగా, ఆమె వలదనెనట. గుండీలు త్రెంపుట అతనికి కావలసిన పని. దానిని ఆపుట కంటె చెడుగు లేదని ఆమె భావము.

ఈ యూరికి రాననిన కుమారుని కథయు నొకటి కలదు. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోకు విషయమున, 1880లో, క్రైస్తవ మతాచార్యుడైన తండ్రి అతని నిలుకడలేమికి వగచి గేల్‌లో నుంప దలపెట్టెను. కుమారు డంగీకరింపలేదు. ఆ నొప్పి మఱుసటియేట తమ్మునికి వ్రాసిన జాబునను కానవచ్చును. తండ్రికి ప్రేమ లేకపోలేదు. కాని ఆ ప్రేమ కుమారునకు చెఱవలె తోచినది. తమ్ముడు థియో ధనము పంపుచు, అతని చిత్రలేఖనము సాగనిచ్చెను. 1889లో విన్సెంటు తానై యొక చికిత్సాలయమును చేరెను. ఆయన వ్యాధి యేదో మనము నిర్ణయింపరాదు. కాని తాననుకొన్నప్పుడు సహాయము గైకొనెననుట మాత్రము గ్రహింపదగినది.

సోదరీమణులారా, గేల్ గృహిణి ఓర్పును పొగడి మన తల్లులను తక్కువ చేయరాదు. ఆమెకు ప్రభుత్వ మింత సొమ్మిచ్చును; దాది వచ్చి చూచిపోవును; కష్టము ముదిరిన ఆసుపత్రి యున్నది; వీధిలో నెవరును అతిథిని చూచి నవ్వరు. మన తల్లి యొంటరిది. అందుచేత మొదట చేయవలసినది బిడ్డను మార్చుట గాదు, తల్లికి తోడు కూర్చుట. వారమున కొకనాడు పినతండ్రియో, మేనమామయో వచ్చి వానితో ఊరక కూర్చుండిన, తల్లిమాట విననివాడు వారిమాట వినవచ్చును. చొక్కా తీసి యీయక, రెండు చొక్కాలు కనబడునట్లుంచిన, ఎంపిక వానిదగును.

తరువాతి గతికి చట్టమును తోడ్పడును. ఆటిజము గలవారికి పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట, అవసరమైనచో, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టముచే సంరక్షకుని నియమింప వీలున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సంరక్షకుడు వ్యక్తిని సంప్రదించియే నిర్ణయములు చేయవలెనని చెప్పుచున్నది. కాగితములు వ్రాయునాడు కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మా చెల్లెలికి నేను గేల్ నుండి వ్రాసిన జాబులోని మాటయు నిదియే.