సిక్కా, కల్దారు, ట్రాక్టరు నోటు

ఇప్పుడు చండ్రుగొండలో ఫోన్ చూపిస్తే చాలు, కూరగాయలు సంచిలో పడతాయి. నిజాం కాలంలో ఈ చుట్టుపక్కల బేరమాడాలంటే ధర సంగతి తర్వాత, ముందు ఏ రూపాయో తేలాలి. ఊరేమో నిజాం ఏలుబడి, చెల్లేది ఉస్మానియా సిక్కా. అశ్వారావుపేట దాటి జంగారెడ్డిగూడెం వైపు వెళ్లినా, గోదావరి దాటి భద్రాచలం వెళ్లినా ఇంగ్లీషువాళ్ల కల్దారు. ఏడు సిక్కా రూపాయలకు సుమారు ఆరు కల్దార్లు.

ఇలాంటి చోట ఏ తాతగారి ట్రంకుపెట్టెలోనో నిజాం నోటు కనిపిస్తే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, “ఎంతొస్తుంది?” నాకైతే ముందు సంతకం చూడాలనిపిస్తుంది. హైదరాబాదు రాజ్యం 1918లో నోట్లు మొదలుపెట్టింది. ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ వాటి మీద ఉంటాయి. 1940ల నాటి కొన్నింటి మీద గులాం మహమ్మద్ సంతకం ఉంటుంది. అప్పుడాయన నిజాం ఆర్థిక మంత్రి, తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్. 1951లో కొత్త సిక్కా ఆగింది, 1959లో ఉన్నదీ చెల్లకుండా పోయింది.

ఇంకో కథ ఉంది. 1922 మేలో ‘ఈజిప్ట్’ అనే ఓడ లండన్ నుంచి బొంబాయి వస్తూ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో మరో ఓడ తగిలి మునిగిపోయింది. అందులో బంగారం, వెండి, వాటితో పాటు నిజాం కోసం అచ్చయిన నోట్లు. పదేళ్లకు ఇటలీ గజ ఈతగాళ్లు నాలుగు వందల అడుగుల లోతు నుంచి బంగారం తీస్తుంటే ఈ నోట్లూ పైకొచ్చాయి. ఒక్క రోజు కూడా చెల్లని ఆ కాగితాలు ఇప్పుడు సేకర్తల ఆల్బముల్లో ఉన్నాయి.

పెట్టుబడిగా కొనేవాడికి ఈ కథలతో పని లేదు. వాడికి కావలసింది గ్రేడు. డెబ్బైకి ఎన్ని మార్కులు, మడత ఉందా, మూల నలిగిందా? మన ఆడవాళ్లు కొంగున ముడేసిన నోటు, తునికాకు కూలీ జేబులో చెమటకు తడిసిన నోటు ఆ పరీక్షలో నిలవవు. పని చేసిన నోటుకు విలువ తక్కువ, బీరువా దాటని నోటుకు ఎక్కువ. నాకీ న్యాయం మింగుడుపడదు, కానీ బజారు అలాగే నడుస్తోంది.

సరే, లెక్కే చూద్దాం. 1985లో ఓ వంద నోటు పక్కన పెట్టారనుకోండి. అదే వంద ఎనిమిది శాతం చక్రవడ్డీకి తిరిగితే నలభై ఏళ్లకు రెండు వేలు దాటుతుంది. నలిగిన మామూలు వంద నోటుకు రెండు వేలు ఎవరిస్తారు? పైగా అమ్మాలంటే కొనేవాడు దొరకాలి. బంగారానికి ప్రతి పట్టణంలో కొట్టుంది, పాత నోటుకు లేదు.

సరదాకైతే ఖర్చే లేదు. 2006 నుంచి అచ్చులో పాడైన నోట్ల బదులు రిజర్వు బ్యాంకు నక్షత్రం గుర్తు నోట్లు వేస్తోంది. చిల్లరలో వస్తే తీసి దాచుకోండి. వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు, మన ఇద్దరు తెలుగు గవర్నర్ల సంతకాలు పక్కపక్కన పెట్టుకోండి. విసుగొస్తే ఖర్చుపెట్టుకోవచ్చు, ముఖ విలువకు నష్టం లేదు. కానీ రద్దయిన పాత ఐదొందలు, వెయ్యి నోట్లు పదికి మించి దాచడం 2017 చట్టం ప్రకారం నేరం. చదువు, పరిశోధన, నాణేల సేకరణ కోసమైతే పాతిక వరకు వదిలిపెట్టారు. పెట్టుబడి అన్న మాట ఆ మినహాయింపులో లేదు.

“ఎంతొస్తుంది” అనే ఆశ మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. ట్రాక్టరు బొమ్మున్న ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామంటారు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపమంటారు. పాత నోట్ల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, ఎలాంటి రుసుమూ అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. మీకూ అలాంటి ఫోన్ వస్తే పైసా పంపకండి. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.